ఒక ధైవతం, రెండు ప్లేట్లు

త్యాగరాజస్వామివారి ‘నగుమోము’ పాడలేని తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు గాని, ఎప్పుడూ విననివాళ్ళు తక్కువ. ఆ మధ్య ఒక వేసవిలో ఆ కృతి మా ఇంట్లో చిన్న తగాదా పెట్టింది. ఇక్కడ మిస్సిసాగాలో చాలా ఏళ్ళుగా సంగీతం నేర్చుకుంటున్న మా అమ్మాయి, బెజవాడ నుంచి వచ్చిన తాతయ్యకి ముచ్చటపడి ‘నగుమోము’ పాడి వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. "బాగా పాడావు తల్లీ, కానీ ఆ ధైవతం మనది కాదే!" అన్నారు. దాని మొహం చిన్నబోయింది. టీచరుగారు చెప్పింది ఒకటి, తాతయ్య చెప్పింది ఇంకొకటి. "ఏది తప్పు నాన్నా?" అని నన్నడిగింది.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. ఇంజనీరింగు చదివి, కంప్యూటరు ముందు కూర్చుని బతికేవాణ్ణి. కాకపోతే పాత గ్రామఫోను ప్లేట్లు పోగుచేసే పిచ్చి ఒకటుంది. ఆ పిచ్చికి మా ఆవిడ బేస్‌మెంటులో సగం వదిలేసింది. అందుకని దాని ప్రశ్నకి జవాబు ప్లేట్లలోనే వెతికాను.

ముందు తగాదా ఏమిటో చెప్పాలి. ఇవాళ కచేరీల్లో వినబడే ఆభేరి రాగానికి ఎక్కేటప్పుడు రిషభం, ధైవతం ఉండవు. దిగేటప్పుడు మాత్రం ఏడు స్వరాలూ వస్తాయి. అంటే పేచీ అంతా నిషాదం నుంచి పంచమానికి దిగే దారిలో ఉన్న ఒక్క మెట్టు గురించి. ఆ మెట్టు చతుశ్రుతి ధైవతమైతే రాగం 22వ మేళమైన ఖరహరప్రియలో పుట్టినట్టు. శుద్ధ ధైవతమైతే 20వ మేళమైన నటభైరవిలో పుట్టినట్టు. హార్మోనియం మీద రెండింటికీ తేడా ఒక్క మీట. మొదటిది హిందూస్థానీ భీంపలాసికి దగ్గరగా, కాస్త వెలుతురుగా ఉంటుంది. రెండోది పంచమం మీదికి వాలేటప్పుడు గుండె కుంగినట్టుంటుంది. 1904లో ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితులుగారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ (అది తెలుగు లిపిలో అచ్చయిందన్న సంగతి మనం గర్వంగా గుర్తుపెట్టుకోవచ్చు) ఆభేరిని 20వ మేళం కిందే చేర్చింది. మరి చతుశ్రుతి ధైవతం ఇంత రాజ్యం ఎలా సంపాదించింది?

అందరూ చెప్పే జవాబు ఒక ప్లేటు. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు (1899–1975) గారి ‘నగుమోము’ 78 ప్లేటు. ఆయన చతుశ్రుతి ధైవతంతో పాడారు, ఆ ప్లేటు ఊరూరా మోగింది. విన్నవాళ్ళు అలాగే పాడారు, పాడినవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళూ అలాగే పాడారు. మా అమ్మాయికి చెప్పిన టీచరుగారి పాఠం కూడా చివరికి ఆ లక్కముద్దలోంచి వచ్చిందే అయ్యుండాలి.

లక్కముద్ద అని ఊరికే అనలేదు. 78 ప్లేట్లకి వాడిన షెల్లాక్ మన దేశపు లక్కే. పళ్ళెం లాంటి ప్లేటుని కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ మనకి పరాయివాడు కాదు. 1900 ప్రాంతంలో మాంట్రియల్‌లో కంపెనీ పెట్టి కెనడాకి గ్రామఫోను అలవాటు చేసినవాడు ఆయనే. ఆయన దగ్గర పని నేర్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వెళ్ళి గౌహర్ జాన్ పాటలు పట్టుకున్నాడు. మన లక్క, వాళ్ళ యంత్రం, మధ్యలో మన సంగీతం.

ఈ యంత్రం పెట్టిన షరతు ఒకటే: పక్కకి మూడు నాలుగు నిమిషాలు. అరగంట ఆలాపన చేసే విద్వాంసుడు ఆ కొలతలో ఒదగాలి. నెరవులు పోయాయి, స్వరకల్పన పోయింది, సంగతులు తగ్గాయి. ముసిరివారి గొప్పతనం ఇక్కడే కనిపిస్తుంది. మిగిలిన కాస్త జాగాలో ఆయన విద్వత్తు చూపించే ప్రయత్నం మానేసి వేడుకోవడం మీద దృష్టి పెట్టారు. పైస్థాయిలో సాగే ఆ సన్నని గొంతులో ‘నన్ను చూడు’ అనే డాబు లేదు, ‘నన్ను చూడవా’ అనే దైన్యం ఉంది. ప్లేటు గరగరలోంచి కూడా ఆ దైన్యం దాటి వస్తుంది.

ఇక్కడ నాలోని ఇంజనీరుకి ఒక అనుమానం వచ్చింది. పాత ప్లేట్లన్నీ సరిగ్గా నిమిషానికి 78 చుట్ల లెక్కన తీసినవి కావు. 80 చుట్ల మీద తీసిన ప్లేటుని 78 మీద తిప్పితే శ్రుతి రెండున్నర శాతం, అంటే దాదాపు పావు మెట్టు, కిందికి జారుతుంది. మరి ఇలాంటి తేడా వల్లే శుద్ధ ధైవతం మనకి చతుశ్రుతిలా వినబడలేదు కదా? కాదు. వేగం మారితే షడ్జమం, పంచమం, ధైవతం అన్నీ కలిసి జారుతాయి. వాటి మధ్య దూరాలు మారవు. ప్లేటు గాయకుడి గొంతు గురించి, కాలప్రమాణం గురించి అబద్ధం చెప్పగలదు గాని ధైవతం గురించి చెప్పలేదు. అందుకే పాత ప్లేట్లని పోల్చేటప్పుడు ‘ఈయనది ఎంత పైశ్రుతి!’ అని ఆశ్చర్యపోయే ముందు వేగం చూసుకోవాలి. ముల్లూ చూసుకోవాలి. ఎల్పీ ముల్లుకి మూడింతల లావు ముల్లు కావాలి 78కి. సన్నముల్లు పెడితే గాడి అడుగున దుమ్ము పాడే పాటే వినబడుతుంది.

రెండో సాక్షి మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016). ఆయన ‘నగుమోము’ శుద్ధ ధైవతంతో పాడారు. ఆ పక్షం వాళ్ళ బలం గురుపరంపర: త్యాగరాజస్వామి, మానాంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, బాలమురళి. మా తాతయ్య ‘మనది’ అన్నది ఈ దారినే. ఎల్పీల కాలంలో ఎదిగిన గొంతు కాబట్టి ఆయన రికార్డుల్లో తొందర లేదు. మంద్రంలోకి దిగినా మాట చెదరదు. ఒత్తక్షరం ఒత్తుగానే వినబడుతుంది, సంధి సంధిగానే విడుతుంది. తెలుగువాడికి వెంటనే ఇంటికొచ్చినట్టుంటుంది.

అయితే మనలో ఒక దురలవాటుంది. అరవ విద్వాంసుల తెలుగుని వెక్కిరించి, అక్కడితో విమర్శ అయిపోయిందనుకుంటాం. ఈ కృతిలో త్యాగరాజు అడుగుతున్నదేమిటి? నీ నవ్వుమొహం చూడలేని నా బాధ తెలిసీ ఎందుకు రాలేదయ్యా, నీ వాహనమైన గరుత్మంతుడు నీ మాట విన్నా వెంటనే బయల్దేరలేదా, ఆకాశం నుంచి భూమికి చాలా దూరమన్నాడా అని. రాముడి మీద నింద వేయలేక, నెపం గరుడుడి మీదికి తోసే భక్తుడి చమత్కారం అది. బాలమురళి గొంతులో ఆ చమత్కారం స్పష్టంగా తెలుస్తుంది. దేవుడితో చనువున్నవాడి నిష్ఠూరం అది. ముసిరివారి గొంతులో చమత్కారం కరిగిపోయి దుఃఖమే మిగులుతుంది. ఒకరు మాటకి న్యాయం చేశారు, ఇంకొకరు ఆ మాట వెనకున్న మనిషికి. శుద్ధ ధైవతం దిగులు స్వరమనీ, చతుశ్రుతి వెలుతురు స్వరమనీ పైన రాశాను. తీరా వింటే ఎక్కువ దిగులు వెలుతురు స్వరంలోనే ఉంది! నా సిద్ధాంతం ప్లేటు ముందు నిలబడలేదు.

మన టొరంటోలో పుట్టిన పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ బాఖ్ ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’ని 1955లో ఒకసారి, 1981లో మళ్ళీ రికార్డు చేశాడు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండోది 51. ఏది గొప్పదని ఇప్పటికీ వాదించుకుంటారు గాని ఏ స్వరం బాఖ్‌దని ఎవరూ కొట్టుకోరు, కాగితం మీద రాసి ఉంది కాబట్టి. మనకి ఆ కాగితం లేదు. త్యాగరాజు 1847లో సిద్ధి పొందారు. ఎడిసన్ గొంతుని పట్టే యంత్రం చేసింది 1877లో. ఆ ముప్ఫై ఏళ్ళ ఖాళీని నింపింది శిష్యుల జ్ఞాపకమే. జ్ఞాపకం ఒక్కో ఇంట్లో ఒక్కోలా పెరిగింది. ప్లేటు వచ్చి ఒక ఇంటి జ్ఞాపకాన్ని లక్కలో గడ్డకట్టించి ఊరందరికీ పంచింది. అది ప్లేటు చేసిన మేలు, చేసిన అన్యాయం కూడా. కాబట్టి ప్లేటుని రుజువుగా చూడకూడదని నా అభిప్రాయం. ఒక మనిషి ఒకరోజు మైకు ముందు ఇలా పాడాడనే సాక్ష్యం మాత్రమే అది. పరంపర కూడా అంతే, ఇంకో రకం సాక్ష్యం.

మా అమ్మాయికి ఇదంతా చెప్పలేదు. రెండూ వరసగా వినిపించాను, తాతయ్య పక్కనే కూర్చున్నారు. ముసిరివారి ప్లేటు ఆగాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ధైవతం మాట అలా ఉంచు, ఎంత ఏడిపించాడే!" అన్నారు. తప్పేదని మా అమ్మాయి మళ్ళీ అడగలేదు. ఆ వేసవిలో తాతయ్య దగ్గర శుద్ధ ధైవతంతో కూడా నేర్చుకుంది. క్లాసులో టీచరుగారి పద్ధతి, ఇంట్లో తాతయ్య పద్ధతి.

పాఠకులకి నాదొక మనవి. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు అటక మీద ట్రంకుపెట్టెలో పాత ప్లేట్లుంటే పారేయనివ్వకండి. లేబులు పక్కన చెక్కి ఉన్న నంబరు రాసుకోండి, తెలిసినవాళ్ళ చేత సరైన ముల్లుతో కంప్యూటరులోకి ఎక్కించండి. తెచ్చుకుంటే చేతిసంచీలోనే తెచ్చుకోండి. లక్క ప్లేటు కిందపడితే అతికేది కాదు. ముఖ్యంగా, ఆ ప్లేటు ఇంట్లో ఎవరు ఎప్పుడు పెట్టుకు వినేవారో పెద్దవాళ్ళని అడగండి. అది ఏ గాడిలోనూ దొరకదు.