ఒకే మాటలో రెండు మందులు: అచెబె నవలలో ఆకువైద్యము

నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రచురించిన 'థింగ్స్ ఫాల్ అపార్ట్' నవలలోని ఇగ్బో గ్రామవైద్యమంతటినీ మంత్రతంత్రముల క్రింద జమకట్టే పఠనము ఒకటి ఉన్నది. అది సరియైనది కాదని మా అభిప్రాయము.

తొమ్మిదవ అధ్యాయమే ఇందుకు సాక్ష్యము. ఎజిన్మా అనే బాలికకు 'ఇబా' అనే జ్వరము వస్తుంది. తల్లి ఎక్వెఫి వచ్చి తలుపు కొట్టగానే తండ్రి ఒకొంక్వో అడవికి పోయి ఆకులు, వేళ్లు, బెరడు మోసుకొని వస్తాడు. వాటిని కుండలో కాచి, బిడ్డ మీద చాప కప్పి ఆవిరి పట్టిస్తారు. బిడ్డకు చెమట పట్టి నిద్ర వస్తుంది. ఇక్కడ పూజారి లేడు, బలి లేదు.

అదే అధ్యాయములో మరియొక వైద్యము కనబడుతుంది. ఎక్వెఫి కన్న పదిమందిలో తొమ్మండుగురు చనిపోయారు. చచ్చి మరల పుట్టే 'ఒగ్బాంజే' పీడ ఇదని నమ్మి, ఒకగ్బ్వే అనే వైద్యుడు ఒక బిడ్డ శవాన్ని కత్తితో కోసి ఈడ్చుకొని పోతాడు. తరువాత ఎజిన్మా చూపిన చోట నేల త్రవ్వి, గుడ్డలో చుట్టిన నున్నని రాయిని వెలికితీస్తాడు.

ఇగ్బో భాషలో 'ఒగ్వు' అనే మాట ఔషధానికీ, మహిమగల వస్తువుకూ చెల్లుతుంది. మన 'మందు' కూడ అటువంటిదే. జ్వరానికి మందు అంటాము, ఎవరో మందు పెట్టారనీ అంటాము. మాట ఒకటైనంత మాత్రాన క్రియ ఒకటి కాదు. మిషనరీ బ్రౌన్ చిన్న ఆసుపత్రి కట్టించినప్పుడు తెల్లవాని మందు త్వరగా పనిచేస్తుందని అదే గ్రామస్థులు చెప్పుకున్నారు. వారు ఫలితమును చూచి తీర్పు చెప్పగలవారే.

అయితే నవలలో లోపము లేకపోలేదు. ఆ ఆకులలో ఒక్కదానికీ పేరు లేదు. వైద్యము పురుషుల చేతిలోనే ఉన్నది. నేటి నైజీరియాలో, యోరుబా పట్టణాల వీధులలో 'అగ్బో' కషాయమును అమ్మేవారిలో స్త్రీలే ఎక్కువ. మన దేశము నుండి పోయిన వేప అక్కడ 'డోగోయారో' అయి, జ్వరానికి కాచి త్రాగే ఆకుగా స్థిరపడినది. ఈ స్త్రీల జ్ఞానమునకు నవలలో చోటు చాలలేదు.

ఈ భేదమును విస్మరిస్తే నష్టమేమి? 1930లో ఇలేషాలో జోసెఫ్ అయో బాబలోలా పరిచర్యతో చెలరేగిన ఉజ్జీవములో అనేకులు తాయెత్తులతోపాటు ఆకు కషాయమునూ, ఆసుపత్రి మందునూ విడిచిపెట్టారు. విగ్రహారాధనకు గీసిన గీత జ్వరముతో ఉన్న బిడ్డ మంచము వరకు సాగినది. యెషయా హిజ్కియా పుండు మీద అంజూరపు ముద్ద వేయించిన సంగతి (2 రాజులు 20) ఆ గీతకు అడ్డు వస్తుంది.

ఆకు అయినంత మాత్రాన అది క్షేమకరము కాదు. ఆవిరి బిడ్డను కాల్చవచ్చు, మోతాదు తెలియని కషాయము మూత్రపిండాలను చెడగొట్టవచ్చు, మలేరియాకు రక్తపరీక్ష, సరియైన చికిత్స తప్పనిసరి. కనుక కాపరి మొదట అడుగవలసినది ఆ కుండలో ఏమున్నది, ఎంత ఉన్నది, ఎవరికి ఇస్తున్నారు అని. అపరాధమును గూర్చిన ప్రశ్న ఆ తరువాతిది.