సున్నపురాయి సీమ – ఒక ఋతువు కొలత

పూర్వము నల్లగొండ జిల్లాలో ఉండి, 2016లో సూర్యాపేట జిల్లాలో చేరిన మేళ్లచెరువు ప్రాంతము సున్నపురాయికి ప్రసిద్ధి. ఆ రాయిని ఆశ్రయించియే అక్కడ సిమెంటు పరిశ్రమ వెలసినది. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలినపుడు 56 కిలోల సున్నము మిగిలి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఈ రాయికి మరియొక గుణము కలదు. అదే వాయువును కలుపుకొన్న వాననీరు దీనిని మెల్లమెల్లగా కరగించి, పగుళ్లను వెడల్పు చేయును. భూగర్భజలము ఆ పగుళ్ల వెంట ప్రవహించును. కనుక లోతైన గనిలో నీటిని తోడివేసినచో, దూరపు బావిలో సైతము మట్టము తగ్గవచ్చును.

ఇట్టి నష్టములను ముందుగా ఎరుగుటకే పర్యావరణ ప్రభావ పరిశీలన ఏర్పడినది. మన దేశములో ఇది 1994లో నిబంధనగా వచ్చి, 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటనతో మారినది. పెద్ద గనికి గాని, కర్మాగారమునకు గాని అనుమతి కోరువారు నివేదిక వ్రాయించవలెను. 30 రోజుల ముందు తెలియజేసి, బహిరంగ విచారణ జరుపవలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలో నుండవలెను. ఇవి మెచ్చదగిన నియమములే.

అయితే లోపమెక్కడ? సాధారణముగా వానకాలము కాని ఒక ఋతువులో, 10 కిలోమీటర్ల పరిధిలో కొలతలు తీయుదురు. ధూళి విషయములో ఇది న్యాయమే. ఎండుకాలముననే ధూళి హెచ్చు. కాని నీటి కథ వేరు. వానలకు బావి ఎంత నిండినది, వేసవికి ఎంత దిగినది అను రెండును తెలియనిదే దాని ఆదాయవ్యయములు లెక్కకు రావు.

రెండవ లోపము ఇంకను పెద్దది. నివేదికను అనుమతి కోరువారే డబ్బిచ్చి వ్రాయింతురు. అది ముఖ్యముగా వారి పథకమునే తూచును. దరఖాస్తులో ఇరుగుపొరుగు పనులతో కలిసిన ప్రభావమును గూర్చిన ప్రశ్న ఉన్నది. కాని ఒక ప్రశ్నకు జవాబు, సీమ మొత్తపు లెక్కకు సాటిరాదు. బావికి గనుల పేర్లు తెలియవు. అన్నిటి భారమును కలిపియే మోయును.

కనుక సున్నపురాయి సీమలలో ఏడాది పొడవునా నీటిమట్టములు కొలిచి, అన్ని గనులకు కలిపి ఒకే లెక్క కట్టవలెను. ఉన్నత పాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, ఒడ్డు నుండి నీటివరకు గల లోతును తాడుతో నెలనెలా కొలిచి పట్టికలో వ్రాయవచ్చును. బహిరంగ విచారణనాడు ఆ పట్టిక చేతనున్న గ్రామము ఫిర్యాదుతో ఆగిపోదు, సాక్ష్యము చూపగలదు.