కరక్కాయ, గేదెపాలు, తుప్పు

మా బీరువాలో అమ్మమ్మ దుప్పటి ఒకటుంది. బందరు అద్దకం. ఎర్రటి తీగలు, మామిడి పిందెలు, చుట్టూ రెండు వరసల అంచు. ఎన్నేళ్లదో చెప్పడానికి అమ్మమ్మ లేదు. మొన్న వేసవిలో ఎండలో వేద్దామని విప్పితే చిరుగులు కనిపించాయి. అవి మడతల దగ్గర లేవు, ఎలుక కొట్టినట్టూ లేవు. నల్ల గీత ఎటు నడిస్తే చిరుగూ దాని వెంటే నడిచింది, ఎవరో పనిగట్టుకుని బ్లేడుతో గీసినట్టు. ఆకు చుట్టూ గీత రాలిపోయింది. మధ్యలో ఆకు మాత్రం ఎర్రగా, గట్టిగా ఉంది.

ఇదేమిటా అని ఆరా తీస్తూ పోతే చివరికి శ్రీకాళహస్తిలో ఒక కుండ ముందు కూర్చున్నాను.

కుండలో ఉన్నది కసిమి. తుప్పు పట్టిన మేకులు, ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి మూత పెట్టి రెండు మూడు వారాలు వదిలేస్తారు. పులిసిన వాసన గది గుమ్మం దగ్గరే తగులుతుంది. లోపల చూస్తే పలచటి టీ నీళ్లలా ఉంది. "ఇదా నలుపు?" అన్నాను. అక్కడ పని చేస్తున్న పెద్దాయన జవాబు చెప్పకుండా కలం అందులో ముంచి, ముందున్న గుడ్డ మీద ఒక గీత లాగారు. లాగుతున్నప్పుడు అదీ టీ రంగే. నేను కళ్లజోడు సర్దుకుని వంగి చూసేసరికి నల్లబడిపోయింది. "నలుపు కుండలో లేదమ్మా, గుడ్డలో ఉంది" అన్నారాయన.

అది వేదాంతం కాదు, పచ్చి నిజం. గీత గీయడానికి ముందే ఆ గుడ్డకు చాలా జరిగింది. మిల్లు గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేశారు. కరక్కాయలో వగరు ఉంటుంది కదా, ఆ వగరు, కసిమిలోని ఇనుము కలిసినచోట నలుపు పుడుతుంది. పాలెందుకంటే, వాటిలోని కొవ్వు వల్ల రసం పక్కలకు పాకదు. పాలు తక్కువైతే గీత చెదిరి, వానలో తడిసిన ఉత్తరంలా తయారవుతుంది. ఆవుపాలు పలచన, అందుకే గేదెపాలు. ఇంత లెక్క ఉంది అందులో.

ఆ కలం కూడా చూడాల్సిందే. వెదురు పుల్లను ఒకవైపు మొనదేల్చి, మొనకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారంతో బిగించి కడతారు. గుడ్డ ఉండే సిరాబుడ్డి. వేళ్లతో ఎంత నొక్కితే అంత రసం మొనలోకి దిగుతుంది. కనురెప్పకు ఒక ఒత్తిడి, కిరీటానికి ఇంకో ఒత్తిడి. ముందుగా చింతపుల్ల బొగ్గుతో లేతగా గీసుకుంటారు. బొగ్గు దులిపితే పోతుంది, కసిమి పోదు. రాముడి ముక్కు వంకర పోతే ఇక వంకరే. చెరిపేసే వీలు లేని పనిలో చెయ్యి ఎలా కుదురుకుంటుందో, కంప్యూటర్లో అడుగడుగునా వెనక్కి వెళ్లే మీట నొక్కే నాలాంటిదానికి అక్కడ గంటసేపు కూర్చుంటేగాని తెలియలేదు.

నలుపు ఇలా ఉంటే ఎరుపు ఇంకా విడ్డూరం. ఎర్రగా రావలసినచోట ఎరుపు పూయరు, పటిక నీళ్లు పూస్తారు. అవి ఆరితే దాదాపు ఏమీ కనిపించదు. తర్వాత స్వర్ణముఖిలోనో, పారే నీళ్లు దొరికే మరోచోటనో జాడించి, మంజిష్ఠ, చిరువేరు లాంటివి వేసిన నీళ్లలో ఉడికిస్తారు. పటిక పట్టినచోటే రంగు నిలుస్తుంది. మిగతా బట్టకు అంటిన లేత ఎరుపును పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరబెడితే తెలుపు తేలుతుంది. అంటే కనిపించని నీళ్లతో బొమ్మ గీసి, అది పొయ్యి మీద కనిపిస్తుందన్న నమ్మకంతో ఉండాలి. ఆపైన మళ్లీ పాలలో ముంచి, కరకపూల పసుపు, నీలిమందు నీలం వేస్తారు. పచ్చకు విడిగా రంగు లేదు, నీలం మీద పసుపు పడితే అదే పచ్చ. పని మొత్తంలో గీసే గంటల కన్నా ఉతికి ఆరేసే గంటలే ఎక్కువ. నది ఎండిన ఏడాది పని ఎందుకు నత్తనడక నడుస్తుందో అప్పుడర్థమైంది.

ఈ కిటుకు చూసి ఒకప్పుడు ఐరోపా ముక్కున వేలేసుకుంది. ఉతికినకొద్దీ నిలిచే ఈ రంగుబట్టల వ్యాపారానికే 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో, అంటే మన బందరులో, కొట్లు తెరిచారు. మన అద్దకాల ధాటికి అక్కడి నేతపని దెబ్బతింటోందని 1686లో ఫ్రాన్సు ఇలాంటి బట్టలను నిషేధించింది. 1721లో బ్రిటన్ పార్లమెంటూ అదే బాట పట్టింది. కూర్దూ అనే ఫ్రెంచి పాదరీ తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినవాడు. 1742లో అతను కోరమాండల్ తీరంనుంచి స్వదేశానికి రాసిన ఉత్తరంలో కరక్కాయ, గేదెపాల సంగతి వరస తప్పకుండా వివరించాడు. మనవాళ్లు నోటిమాటగా దాచుకున్నది అతను కాగితం మీద పెట్టేశాడు. ఆ పాదరీ మీద నాకు కోపం ఉంది, మొత్తం వివరంగా రాసినందుకు కృతజ్ఞతా ఉంది. రెండూ ఒక్కసారే.

కలంకారీ అన్న పేరు పారసీ కలంనుంచి వచ్చింది. మన వాడుకలో కాళహస్తిది వ్రాతపని, బందరుది అద్దకం. కాళహస్తి గుడ్డ గుళ్లలో వేలాడటానికి పుట్టింది. మధ్యలో పెద్ద ఘట్టం, చుట్టూ వరసగా కథ, బొమ్మల కింద తెలుగులో పద్యమో వాక్యమో. అంటే చదువుకునే గుడ్డ. ఆ కళ్లు, చీరకుచ్చెళ్లు చూస్తే లేపాక్షి కప్పు మీది బొమ్మలు గుర్తొస్తాయి. బందరు, పెడన అద్దకానికి టేకు చెక్క అచ్చులు కావాలి, ఒక పువ్వుకు రంగుకో అచ్చు. గోల్కొండ సుల్తానుల అభిరుచి, పారసీ బేరగాళ్ల కోరికలు కలిసి దానికి తీగలు, పూలచెట్లు ఇచ్చాయి. అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు వెతకడం నాకు సరదా. మా దుప్పటి మూలలో ఒక పిందె పక్క పిందె కన్నా వెంట్రుకవాసి పైకి జరిగింది. ఆ పూట అద్దిన మనిషి ఏ పలకరింపుకో తల తిప్పి ఉంటాడు.

1950ల నాటికి కాళహస్తిలో ఈ పని కొడిగట్టింది. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి, జొన్నలగడ్డ లక్ష్మయ్య గారి చేత కుర్రాళ్లకు నేర్పించారు. ఆయన కుమారుడు గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఆ ఊళ్లో మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ పెద్ద సంఖ్యలో కలం పడుతున్నారు.

ఇవాళ కలంకారీ ఎక్కడ లేదు? ఫోను కవర్ల మీద, టీ కప్పుల మీద, పాలిస్టరు చీరల మీద. స్క్రీన్ ప్రింటు మీద నాకు కక్ష లేదు, చవగ్గా వచ్చిన దిండుగలీబును దిండుగలీబుగా అమ్మితే సరే. చేత్తో రాసిందని చెప్పి అమ్మితేనే ఒళ్లు మండుతుంది. బట్ట తిరగేసి చూడండి. చేతిపనిలో రంగు వెనక్కీ దిగుతుంది. నల్ల గీత ఒకచోట లావెక్కి, ఒకచోట సన్నబడి, చెయ్యి ఊపిరి పీల్చుకున్న జాగా తెలిసిపోతుంది. కొత్త గుడ్డయితే వాసన చూడండి. పాల కమురు, కరక్కాయ వగరు ఏ అత్తరూ దాచలేదు. బందరులో ఎరుపుకు ఇప్పుడు చాలామంది అలిజరిన్ అనే రసాయన రంగు వాడుతున్నారు, అదీ అడిగి తెలుసుకోవచ్చు.

ఇంతా చూసొచ్చాక ఇంట్లో ఏం మారిందంటే, మా అమ్మాయి పెళ్లిపత్రిక మారింది. డిజైను చేసే అబ్బాయి తెర మీద కోటి రంగులు పరిచాడు, బంగారు పొడి చల్లుతానన్నాడు. "నలుపు, ఎరుపు, పసుపు, నీలం, అంతే బాబూ. పచ్చ కావాలంటే నీలం మీద పసుపు వెయ్యి" అన్నాను. "ఆంటీ, బోసిగా ఉంటుంది" అని గొణిగాడు. ముందు అంచు గీయించాను, తర్వాత గళ్లు, గడికో ఘట్టం, కింద ఒక్క వాక్యం. అచ్చయి వచ్చాక చుట్టాలు పత్రికను పారేయకుండా దాచుకున్నారని విన్నాను. నాలుగు రంగుల్లో సర్దుకోవలసి వస్తే ఎక్కడ నలుపు పెట్టాలో కన్ను తనే వెతుక్కుంటుంది. అప్పటినుంచి వంటింటి గోడ రంగూ, పుస్తకాల అట్టలూ అలాగే ఎంచుతున్నాను.

ఇక దుప్పటి. దాని జబ్బు కసిమిదే. నలుపు పుట్టించిన ఆ ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది. పాత అద్దకాల్లో ముందు రాలేది నల్ల గీతలే, వాటికి మందు లేదు. ఫ్రేము కట్టించమని ఒకరు, మ్యూజియానికి ఇమ్మని ఇంకొకరు చెప్పారు. నేను తాతయ్య పాత పంచె వెనక వేసి బొంత కుట్టించాను. చీలికల్లోంచి పంచె కనిపిస్తోంది, ఆకుల చుట్టూ ఇప్పుడు తెల్ల గీతలు. కుట్టినావిడ అడిగింది, "వీటి మీదుగా నల్లదారం లాగెయ్యమంటారా అమ్మా?" అని. వద్దన్నాను.