ధ్రువకు ప్రాణం పోసిన చెయ్యి

రైల్వే కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి బిలాస్‌పూర్ పక్కన లాల్‌ఖదాన్‌లో స్థిరపడిన తెలుగు ఇళ్ళల్లో పిల్లలకు రెండు భాషల బొమ్మలు దొరికేవి. ఇంట్లో చందమామ, వీధిలో అద్దెకు తెచ్చుకునే హిందీ కామిక్స్. చందమామలో బొమ్మలు గీసిన శంకర్‌ని, చిత్రని, వపాని మనం ఎంత పొగిడినా తక్కువే. కానీ అదే పీట మీద కూర్చోబెట్టాల్సిన మరొకాయన ఉన్నాడు, అనుపమ్ సిన్హా. మన దేశంలో సూపర్‌హీరో బొమ్మ గీసినవాళ్ళలో ఆయన తరువాతే ఎవరైనా!

హిందీ కామిక్స్ వేసే రాజ్ కామిక్స్ సంస్థ 1986లో నాగరాజ్ అనే హీరోని తెచ్చింది. తొలిరోజుల్లో ఆ బొమ్మలు ప్రతాప్ ములిక్‌వి. మరుసటి ఏడాది ‘ప్రతిశోధ్ కీ జ్వాలా’తో సూపర్ కమాండో ధ్రువ వచ్చాడు. కథా అనుపమ్‌దే, బొమ్మా అనుపమ్‌దే. జూపిటర్ సర్కస్‌లో పెరిగిన కుర్రాడు, ఆ సర్కస్ మంటల్లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని నేరస్థుల మీద యుద్ధం ప్రకటిస్తాడు. మొదట్లో అతనికి ఏ దివ్యశక్తీ లేదు. ముఖానికి ముసుగూ లేదు.

చిత్రకారుడికి అసలు పరీక్ష అక్కడే. ఎగరగలిగే హీరోని గాలిలో ఎలా గీసినా చెల్లుతుంది. ధ్రువ ఎగరలేడు. స్టార్‌లైన్ అనే తన తాడు పట్టుకుని మేడ మీంచి మేడకు ఊగాలంటే తాడు ఎక్కడ బిగిసిందో, బరువు ఏ భుజం మీద పడిందో, దిగేటప్పుడు ఏ మోకాలు వంగాలో చూపించాలి. అనుపమ్ చూపించాడు. ఒక గడిలో దూకిన కాలు తరువాతి గడిలో సరిగ్గా పడాల్సిన చోటే పడుతుంది. చదివేవాడి కన్ను ఆ కాలి వెంటే పేజీ దిగుతుంది. ధ్వనిరాజ్ అనే విలన్ ఆయుధం శబ్దం. కాగితం మీద చప్పుడు చెయ్యని గీతలతో శబ్దాన్ని గీయడం ఎంతమందికి చేతనవుతుంది? మరో విలన్ గ్రాండ్ మాస్టర్ రోబో సగం మనిషి, సగం యంత్రం. ఇంకో విలన్ మహామానవ్ తల చూస్తేనే భయం. నాగరాజ్‌నీ తరువాత ఆయన చేతికే ఇచ్చారు. ములిక్ అభిమానులు నొచ్చుకున్నా సరే, నాగరాజ్ ఒంట్లోంచి వందల పాములు దూసుకొచ్చే పేజీల్లో ఏ పాముకా పాము విడిగా కదలడం అనుపమ్ దగ్గరే చూశాను. ఆయన పెన్సిల్ గీతను చెడకుండా ఇంకులోకి దించిన వినోద్ కుమార్‌కీ దండం పెట్టాలి.

రామాయణం నీడలో ఎనిమిది భాగాల ‘నాగాయణ్’ గీశాడు. అంత పెద్ద కథ, అన్ని పాత్రలు! గుంపులో వెనక నిలబడ్డవాడి ముఖం కూడా చెరిపెయ్యలేదాయన.

ఇప్పుడొస్తున్న సరుకు చూస్తే కడుపు మండుతోంది. కంప్యూటర్ రంగులొచ్చి గీత మీద మెరుపు పులిమాయి. కండలు అమెరికా బొమ్మల్లోంచి ఎత్తుకొచ్చినవి. ఆ కండల వెనక ఎముక ఎక్కడుందో గీసినవాడికే తెలియదు. ఇక యంత్రానికి నాలుగు మాటలు చెప్పి పుట్టించే బొమ్మలొకటి! వాటిలో ధ్రువ నేల మీద నిలబడడు, నేలకి అతికించినట్టు ఉంటాడు. డబ్బు తీసుకుని ఇలాంటివి పిల్లల చేతిలో పెట్టడం మోసం. చందమామే ఆగిపోయిన తరువాత మన పిల్లలకు గీత అంటే ఏమిటో చూపించే పత్రికలు ఎన్ని మిగిలాయి?

తెలుగు ప్రచురణకర్తలకు నా విన్నపం ఇదే. ధ్రువ తొలి కథల్ని మంచి కాగితం మీద, పాత రంగుల్లోనే, తెలుగులో వెయ్యండి. పిల్లల పుస్తకానికి బొమ్మలు కావలసి వస్తే చేత్తో గీసేవాణ్ణి పిలవండి, గౌరవంగా డబ్బివ్వండి, అట్ట మీద వాడి పేరు వెయ్యండి.