కాదనడమే దాని పని

ఛార్జర్ చిప్ ఉన్నది బ్యాటరీ నింపడానికే అనుకుంటారు అందరూ. బోర్డులు బాగుచేస్తూ చేస్తూ నేను తేల్చుకున్నది వేరు. నింపడం దానికి చిన్న పని. ఎప్పుడు నింపకూడదో కనిపెట్టి ఆగిపోవడమే పెద్ద పని. ఇన్వర్టర్ కింద పెట్టుకునే లెడ్ యాసిడ్ బ్యాటరీ కాస్త ఎక్కువ తక్కువలు ఓర్చుకుంటుంది. లిథియం సెల్ ఓర్చుకోదు. 4.2 వోల్టుల దగ్గర ఆపకపోతే వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. 1991లో సోనీ అమ్మకానికి పెట్టిన నాటి నుంచి ఈ రోజు దాకా దాని స్వభావం అదే.

అందుకే ఎవరైనా సొంతంగా గీసుకున్న బోర్డు పట్టుకొచ్చి "ఛార్జ్ అవ్వట్లేదు" అంటే నేను ముందు చిప్‌ని అనుమానించను. అది ఎందుకు వద్దంటోందో చూస్తాను.

ఈమధ్య ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని తెచ్చిన బోర్డు చూడండి. పొలంలో మట్టి తేమ కొలిచి ఫోనుకి పంపే పరికరం. నడుమ ఈఎస్పీ32 మాడ్యూల్, ఒక మూల టీపీ4056. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరికే ఎనిమిది కాళ్ల చవక ఛార్జర్ చిప్ అది. యూఎస్‌బీ పెడితే ఎర్ర లైటూ లేదు, పచ్చ లైటూ లేదు.

"ఐసీ పోయింది సార్. మార్చాను. కొత్తదీ పోయింది."

ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టేయమన్నట్టు ఉంటాయి ఈ ఐసీ మార్పిళ్లు. "రెండూ ఎలా పోతాయమ్మా? మీటర్ పెట్టావా?" అన్నాను.

"పెట్టాను సార్. 5 వోల్టులు వస్తున్నాయి."

"ఎక్కడ?"

"కనెక్టర్ దగ్గర."

కనెక్టర్ దగ్గర వస్తే చాలదు. చిప్ కాలి మీద చూడాలి. ఆ రెంటి నడుమ సన్నని ట్రాకో, సరిగా అతకని సోల్డరో ఉండొచ్చు. ప్రోబ్ మొన కాలికి ఆనించి ఒక్కొక్కటే చూశాం. నాలుగో కాలు, సరఫరా: 5. ఐదో కాలు, బ్యాటరీ: 3.5. ఎనిమిదో కాలు, ఎనేబుల్: 5. అన్నీ సవ్యమే. మొదటి కాలు మీద కూడా 5 వోల్టులు కనిపించాయి. అక్కడ అంత ఉండకూడదు.

ఆ కాలు బ్యాటరీ వేడిని కనిపెట్టే థర్మిస్టర్ కోసం. దాని మీది వోల్టేజి సరఫరాలో 45 శాతం కంటే తగ్గినా, 80 శాతం దాటినా బ్యాటరీ మరీ వేడిగానో మరీ చల్లగానో ఉందని లెక్కగట్టి టీపీ4056 ఛార్జింగ్ ఆపేస్తుంది. థర్మిస్టర్ వాడకపోతే ఆ కాలిని గ్రౌండుకి కలిపేయాలి. ఈ అమ్మాయి కొన్న బ్యాటరీకి ఉన్నవి ఎరుపు, నలుపు రెండే తీగలు. మూడో తీగ లేదు కదా అని థర్మిస్టర్ జాగా ఖాళీగా వదిలేసింది. పైన సరఫరాకి కట్టిన రెసిస్టర్ మాత్రం ఉంచింది. దాంతో కాలు నేరుగా 5 వోల్టులకు ఎక్కి కూర్చుంది. మే నెల, హైదరాబాదు, మిట్టమధ్యాహ్నం. చిప్ లెక్కలో మాత్రం బ్యాటరీ గడ్డకట్టుకుపోయింది.

సన్నని తీగ ముక్కతో ఆ కాలిని గ్రౌండుకి అతికించగానే ఎర్ర లైటు వెలిగింది. పీకేసిన పాత ఐసీ కూడా బాగానే ఉండి ఉంటుంది. హాట్ ఎయిర్ వేడికి లేచిపోయిన ప్యాడ్ ఒక్కటే అసలు నష్టం.

ఇలాంటివి పిల్లలకే జరుగుతాయనుకోకండి. 2019లో వచ్చిన రాస్ప్‌బెరీ పై 4 బోర్డు కొన్ని యూఎస్‌బీ సీ కేబుళ్లతో అసలు ఆన్ అయ్యేదే కాదు. సీ కనెక్టర్‌లోని రెండు సీసీ కాళ్లకు విడివిడిగా 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి. ఆ బోర్డు గీసినవాళ్లు రెంటికీ కలిపి ఒక్కటే పెట్టారు. లోపల చిప్ ఉన్న ఖరీదైన కేబుల్ తగిలిస్తే, అవతల ఉన్నది ఆడియో అడాప్టర్ అనుకుని ఛార్జర్ కరెంటు ఇవ్వలేదు. చవక కేబుళ్లతో పనిచేసింది. తర్వాత బోర్డు మార్చారు. అక్కడా ఛార్జర్ తప్పు లేదు. దానికి చెప్పిన నియమం ప్రకారమే అది కాదంది.

మన బోర్డుకి వద్దాం. లైటు వెలిగిందని లేచిపోకుండా రెండో కాలు మీద మీటర్ పెట్టాలి. నాకు ఈ చిప్‌లో బాగా నచ్చే కాలు ఇదే. దానికి 1.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కట్టి ఉంటే, అక్కడ కనిపించే ఒక వోల్టుకి బ్యాటరీలోకి 1 ఆంపియర్ వెళ్తున్నట్టు. పావు వోల్టు ఉంటే 250 మిల్లీ ఆంపియర్లు. తీగ తెంచి మీటర్ ఇరికించే పని లేదు. ఈ బోర్డులో మొదట ఒక వోల్టు చూపించి, చూస్తుండగానే దిగడం మొదలైంది. చిప్‌కి వేలు ఆనిస్తే చుర్రుమంది. 5 నుంచి 3.5 పోగా మిగిలిన ఒకటిన్నర వోల్టులు, 1 ఆంపియర్ దగ్గర ఒకటిన్నర వాట్ల వేడి. గోరంత చిప్ అది. పొట్ట కింది ప్యాడ్‌ని రాగి మీద పరిచి, కిందికి నాలుగు రంధ్రాలు వదిలి ఉంటే వేడి పోయేది. వదల్లేదు. కాబట్టి చిప్ తనంతట తానే కరెంటు తగ్గించుకుంది. అసలు ఆ చిన్న బ్యాటరీకి అంత కరెంటు ఎందుకు? రెసిస్టర్ 2 కిలో ఓమ్‌లకు మారిస్తే 580 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది. మార్చాం.

మర్నాడు మళ్లీ ఫోను. రాత్రంతా పెట్టినా పచ్చ లైటు రాలేదట. దీనికి మీటర్ అక్కర్లేదు, స్కీమాటిక్ చూస్తే చాలు. కరెంటు పదో వంతుకు, అంటే సుమారు 58 మిల్లీ ఆంపియర్లకు, తగ్గితేనే నిండిందని చిప్ నమ్ముతుంది. ఈఎస్పీ32 బ్యాటరీ తీగల మీదే వేలాడుతూ వైఫై కోసం అంతకంటే ఎక్కువే లాగుతోంది. ఏది బ్యాటరీకి పోతోందో, ఏది లోడుకి పోతోందో చిప్‌కి ఎలా తెలుస్తుంది? యూఎస్‌బీ ఉన్నంతసేపు లోడుని షాట్‌కీ డయోడు మీదుగా నడిపించి, పీ ఛానెల్ మాస్‌ఫెట్‌తో బ్యాటరీని పక్కకు తప్పించాలి. అది తీగ ముక్కతో అయ్యే పని కాదు. బోర్డు మళ్లీ గీయాల్సిందే.

మళ్లీ గీసేవాళ్లకు, మొదటిసారి గీసేవాళ్లకు కూడా రెండు మనవులు. మొదటి, రెండో, నాలుగో, ఐదో కాళ్లకు టెస్ట్ పాయింట్లు పెట్టండి, ప్రోబ్ జారి పక్క కాలికి తగలదు. బ్యాటరీ కనెక్టర్‌లో ఎరుపు ఎటువైపు ఉంటుందన్నది అమ్మేవాళ్లను బట్టి మారుతుంది కాబట్టి మీటర్‌తో చూశాకే గుచ్చండి. తిరగబడితే మాత్రం ఐసీ నిజంగానే పోతుంది.