పావు వేగంలో

నలభై దాటాక పియానో ముందు కూర్చున్నవాణ్ణి. వాయించే వేళల్లోనే కాదు, మిగతా వేళల్లోనూ ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది: తర్వాత ఏది నేర్చుకోవాలి? గ్రేడ్ పరీక్షలు రాసేవాళ్లకు సిలబస్ ఉంటుంది. నాలాంటివాళ్లకు ఇష్టమే సిలబస్. ఇష్టపడ్డవన్నీ కష్టమైనవే.

మొదటిసారి ఎంపిక తప్పింది. బీథోవెన్ 1801లో రాసిన ‘మూన్‌లైట్’ సొనాటా మూడో భాగం పట్టుకున్నాను. అందరికీ తెలిసిన మొదటి భాగం నిదానంగా సాగుతుంది. మూడోది కింది నుంచి పైకి ఉప్పెనలా లేస్తుంది. ఆ ఊపు కోసమే ఎంచుకున్నాను. నాలుగు నెలలైనా సగం వేగం అందలేదు, మణికట్టు నొప్పి పట్టుకుంది. అంతకన్నా బాధపెట్టింది మరొకటి. నెమ్మదిగా వాయిస్తుంటే అందులో నా చెవికి ఏమీ దొరకలేదు. నాకు నచ్చిందంతా వేగంలోనే ఉంది, ఆ వేగం నా చేతుల్లో లేదు.

అప్పటి నుంచి ఒకటే పరీక్ష. పావు వేగంలో వాయించినా వినబుద్ధవుతుందా? కష్టమైన పీస్‌తో మనం గడిపే నెలల్లో ఎక్కువ భాగం ఆ పావు వేగంలోనే కదా.

షోపాన్ ‘ఫాంటసీ ఆంప్రోంప్టూ’ ఈ పరీక్షలో నెగ్గింది. ఆయన బతికుండగా దీన్ని అచ్చు వేయించలేదు. 1849లో ఆయన పోయాక, 1855లో స్నేహితుడు ఫోంటానా వేయించాడు. నాలుగు షార్పులు, పేజీ నిండా చీమల బారు. చూస్తేనే గుండె జారుతుంది. తీరా చెయ్యి పెడితే పొడుగు వేళ్లు నల్ల మెట్ల మీద, బొటనవేలు తెల్ల మెట్టు మీద హాయిగా ఒదిగిపోతాయి. షోపాన్ తన శిష్యులకు స్కేళ్లు మొదలుపెట్టింది అన్నీ తెల్ల మెట్లే ఉండే సి మేజర్‌తో కాదు, ఐదు నల్ల మెట్లుండే బి మేజర్‌తో. ఎందుకో అప్పుడు నా చేతికి తెలిసింది.

దీని అసలు కష్టం లెక్కలో ఉంది. కుడి చెయ్యి నాలుగు వేసేలోపు ఎడమ చెయ్యి మూడు వేయాలి. చిన్నప్పుడు కొన్నాళ్లు నేర్చుకున్న కర్ణాటక సంగీతం ఇక్కడ అక్కరకొచ్చింది: కుడికి తకధిమి, ఎడమకు తకిట. కాగితం మీద పన్నెండు గళ్లు గీశాను. కుడి చేతికి 1, 4, 7, 10 గళ్లలో, ఎడమ చేతికి 1, 5, 9 గళ్లలో చుక్కలు పెట్టాను. రెండూ కలిసేది మొదటి గడిలో మాత్రమే. ఆ తర్వాత ఎవరి దారి వారిదే. మెట్రోలో ఒళ్లో బ్యాగు మీద వేళ్లతో అదే వేసుకుంటూ వెళ్లేవాణ్ణి. మూడు వారాలకు, ఒక సాయంత్రం, రెండు చేతులూ వాటంతటవే నడిచాయి. లెక్కపెట్టడం మానేశానని రెండు బార్లు దాటాక గానీ తెలియలేదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు కళ్లు పెట్టుకున్న కొండ షోపాన్‌దే, జి మైనర్ బల్లాడ్. ‘ది గార్డియన్’ సంపాదకుడిగా ఉంటూనే అలన్ రస్‌బ్రిడ్జర్ రోజూ ఓ ఇరవై నిమిషాలు మిగుల్చుకుని దీన్ని నేర్చుకున్నారు. ఆ కథను 2013లో పుస్తకంగా వేశారు. ఆ ఇరవై నిమిషాల మాటే నాకు ధైర్యం. దీని గురించి మాట్లాడేవాళ్లంతా 208వ బార్‌లో మొదలయ్యే ముగింపు భాగం, కోడా దగ్గరే ఆగిపోతారు. అది చేతులను మింగేస్తుందంటారు. నిజమే. నన్ను పట్టుకున్నది మాత్రం మొదటి పేజీ. రెండు చేతులూ ఒకే స్వరాలను వేర్వేరు స్థాయుల్లో పట్టుకుని, తోడు స్వరమేదీ లేకుండా మంద్రం నుంచి పైకి నడుస్తాయి. ఎంత నెమ్మదిగా వాయిస్తే అంత లోతు.

ఈ వారానికి ఆ ఏడు బార్ల ఆరంభం చేతికొచ్చింది. ఎనిమిదో బార్‌లో వేగం మారుతుంది. అక్కడ ఏ స్వరానికి ఏ వేలో నిన్న రాత్రి పెన్సిల్‌తో రాసిపెట్టుకున్నాను.