పొట్టి జన్యువు కథ

ఏడ్చు పసిబిడ్డ తనంతట తాను ఊరడిల్లలేడు. తల్లి యెత్తుకొని భుజమున వేసికొని జోకొట్టినచో ఊపిరి నెమ్మదించును, గుండె వేగము తగ్గును. ఇట్లు వేయిమార్లు జరిగిన పిమ్మట గాని తన దుఃఖమును తానే అదుపులో నుంచుకొను నేర్పు బిడ్డకు అలవడదు. ఆంగ్ల మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1969లో వెలువరించిన గ్రంథమున ఈ అనుబంధమును ఆకలితో ముడిపెట్టక, అది వేరుగ నున్న సహజప్రవృత్తి యని వాదించెను.

కాని ఒకే తల్లి పెంచిన అన్నదమ్ములలో ఒకడు చిన్నమాటకే కుమిలిపోవును. మరియొకడు పెద్ద దెబ్బకును చలింపడు. ఈ భేదము జన్యువులలో నున్నదా? సమాధానము దొరకినదని అనేకులు నమ్మిన పరిశోధన యొకటి 2003లో 'సైన్స్' పత్రికలో వెలువడినది. దానినే యిచట పరిశీలింపదలచితిని.

అవ్‌షలోమ్ కాస్పీ, టెర్రీ మాఫిట్ మొదలగువారు న్యూజిలాండులోని డునేడిన్ నగరమున 1972-73లో పుట్టిన వారిని చిన్ననాటి నుండి గమనించిన వివరములను గైకొనిరి. మెదడు కణములు వెలువరించిన సెరొటోనిన్‌ను తిరిగి లోనికి చేర్చు ప్రోటీను ఒకటి కలదు. దాని జన్యువునకు ముందుండు భాగము కొందరిలో పొట్టిది, కొందరిలో పొడుగుది. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి సంక్రమించును. పొట్టి రూపము గలవారు బాల్యమున హింసకు గురియైనచో పెద్దయిన పిమ్మట విషాదరోగమునకు ఎక్కువగా లోనైరి. రెండును పొడుగువైన వారిలో ఆ హింస ఫలితము కానరాలేదు. అంతకు ముందటి యేడు రీసస్ కోతులలోను ఇట్టిదే కనబడినది. తల్లి లేక తోటిపిల్లలతో పెరిగిన కోతులలోనే పొట్టి రూపము సెరొటోనిన్ వ్యవహారమును మార్చినది. తల్లి పెంచిన వానిలో మార్చలేదు.

విత్తును పొలమును కలిసిననే పంట యన్నట్లు కథ ముచ్చటగా కుదిరినది. ముచ్చటగా కుదిరిన కథను రెండుమార్లు తూచవలెను. డునేడిన్‌లో పరీక్షింపబడినవారు 847 మంది. అందు రెండును పొట్టివైన వారు 147 మందియే. వారిలో తీవ్రహింస ననుభవించిన వారిని వేరుచేసినచో మిగులువారెందరు? ఇంత సన్నని దారముపై ఇంత బరువు వ్రేలాడదీయుట తగదని నా అభిప్రాయము.

2009లో నీల్ రిష్ ప్రభృతులు 14 పరిశోధనలను, 14,250 మందిని కలిపి లెక్కించిరి. కష్టములు హెచ్చినకొలది విషాదము హెచ్చుట స్పష్టముగ తేలినది. జన్యువు పాత్ర మాత్రము తేలలేదు. 2011లో 54 పరిశోధనలను కూర్చిన మరియొక బృందము దీనికి భిన్నముగ తీర్పు చెప్పినది. బాల్యహింసను జాగ్రత్తగా కొలిచినచోట జన్యువు ప్రభావము కనబడుననిరి. ఈ వాదమును త్రోసిపుచ్చరాదు. తొందరపాటు ప్రశ్నావళితో కష్టమును కొలువలేము. కాని పద్ధతిని ముందే ప్రకటించుకొని 38,802 మంది వివరములను శోధించినవారు కూడ 2017లో బలమైన ఆధారమేదియు లేదనిరి. 2019లో రిచర్డ్ బోర్డర్ మొదలగువారు ఇట్టి పేరుపొందిన జన్యువులు 18 తీసికొని, 62,138 మొదలు 4,43,264 మంది వరకు పరీక్షించిరి. ఏ జన్యువులనైనను గ్రుడ్డిగా ఏరికొన్నచో వచ్చు ఫలితమే వచ్చినది. పదునారేండ్ల శ్రమ!

ఇందువలన వంశపారంపర్యమే లేదని తలపరాదు. విషాదరోగమున వారసత్వపు పాలు ఉన్నదని కవలల పరిశీలన తెలుపుచున్నది. అయితే అది వేలకొలది జన్యువులలో, ఒక్కొక్కదానిలో అణుమాత్రముగ, చెదరియున్నది. అనుబంధము సంగతి మరింత వింతైనది. శిశుకవలలలో దాని భేదములు పెంపకమునకే చెందినట్లు కనబడగా, 2014లో పదునైదేండ్ల కవలల 551 జతలను చూచిన ఫియర్న్ బృందము అందు సుమారు 40 శాతమును వారసత్వమునకు లెక్కగట్టెను. పెరిగినకొలది బిడ్డ తన పరిసరములను తానే కొంత యేర్పరచుకొనుట దీనికి కారణము కావచ్చును.

పొట్టి జన్యువు కథను విన్న తల్లి, బిడ్డ రక్తమును పరీక్షింపించి, భయపడి గాని నిశ్చింతపడి గాని యింటికి పోవచ్చును. రెండును ఆధారము లేనివే. దత్తత తీసికొనువారికి ఇట్టి పరీక్షను సూచించువారున్నచో వారి మాట వినకుండుట మేలు.

పెంపకపు బలమును తూచుటకు ఇంతకంటె గట్టి త్రాసు రుమేనియాలో లభించినది. బుకారెస్ట్‌లోని శిశుశరణాలయములలో పెరుగుచున్న 136 మంది పిల్లలను చార్లెస్ నెల్సన్, నాథన్ ఫాక్స్, చార్లెస్ జీనా మొదలగువారు 2001 ప్రాంతమున చీట్లు వేసినట్లు రెండు భాగములు చేసి, ఒక భాగమును పెంపుడు కుటుంబములకు అప్పగించిరి. జన్యువులను బట్టి గాని గుణమును బట్టి గాని ఎవరిని ఎంచలేదు గనుక, తరువాతి భేదము పెంపకమునకే చెల్లును. మిగిలినవారిని శరణాలయములలోనే విడుచుట న్యాయమా యని నాడే ప్రశ్నింపబడినది. అప్పటికి ఆ నగరమున పెంపుడు కుటుంబముల ఏర్పాటు దాదాపు లేదనియు, ఇంటికి పోగల బిడ్డ నెవరిని ఆపలేదనియు వారి సమాధానము. పెంపుడు తల్లుల యొద్దకు చేరినవారిలో స్థిరమైన అనుబంధము ఎక్కువగా ఏర్పడినది. సుమారు పండ్రెండేండ్ల ప్రాయమున అందరిని కలవరపెట్టు పరీక్షకు నిలిపినపుడు, శరణాలయమున మిగిలినవారి దేహము మందకొడిగా స్పందించెను. రెండేండ్లు నిండకముందే కుటుంబమునకు చేరినవారి కార్టిసోల్ మాత్రము ఇంటబెరిగిన పిల్లలలో వలెనే పెరిగి కనబడినది.